కార్తీక వనభోజనాలు: మార్న్‌లోనా, రేనెన్‌లోనా? చోటు, దారి, పనుల పంపకం

రూటు చూస్తున్న వాలంటీర్

అందరికీ నమస్కారం. మొన్న కాల్‌లో ఇక్కడ నెదర్లాండ్స్‌లో మన కార్తీక వనభోజనాలకి చోటు తేలలేదు. సగం మంది రేనెన్ అన్నారు, సగం మంది మార్న్ అన్నారు. ఉట్రెక్ట్ నుంచి రేనెన్ వెళ్ళే స్ప్రింటర్ (చిన్న స్టేషన్లలోనూ ఆగే లోకల్ రైలు) దారిలో మార్న్‌లోనూ ఆగుతుంది కాబట్టి రైలు సంగతి పక్కన పెట్టేద్దాం. తేడా అంతా నేలలో ఉంది. ఆ నేల సంగతి కాస్త తెలిస్తే మన ప్లాను సగం దానంతట అదే కుదురుతుంది.

రెండు ఊళ్ళూ ఉట్రెక్ట్ హ్యూవెల్‌రుగ్ అనే ఒకే గుట్టల వరుస మీద ఉన్నాయి. ఉత్తరాన గోయి ప్రాంతం నుంచి రేనెన్ దగ్గర రైన్ నది ఒడ్డు దాకా సుమారు 50 కిలోమీటర్ల అడవి. దాదాపు 1,50,000 ఏళ్ళ కిందట ఉత్తరం నుంచి వచ్చిన మంచుగడ్డ, ఇప్పుడు వేనెన్‌డాల్ ఉన్న పల్లంలోకి చొచ్చుకొచ్చింది. అంతకుముందు రైన్, మాస్ నదులు పరిచి వెళ్ళిన ఇసుకా గులకా ఆ బరువుకి పక్కకి జరిగి, కళ్ళంలో పలకతో ధాన్యం నెట్టినప్పుడు అంచున పోగు పడినట్టు లేచి నిలబడ్డాయి. చివరి మంచుయుగంలో మంచు నెదర్లాండ్స్ దాకా రాలేదు, అందుకే ఆ పోగు మిగిలింది. అన్నిటికంటే ఎత్తైన అమెరాంగ్సె బెర్గ్ 69 మీటర్లే. సింహాచలం మెట్లెక్కిన వాళ్ళకి అదేమంత ఎత్తు అనిపిస్తుంది, నిజమే. కానీ మనలో చాలామంది ఉంటున్నది సముద్రమట్టానికి కింద. స్కిపోల్ విమానాశ్రయం రన్‌వేలే దాదాపు 3 మీటర్లు కింద ఉన్నాయి. అక్కడి నుంచి వచ్చిన పిల్లలకి ఇది గుట్టే.

రేనెన్ వైపు అందం ఎక్కువ, ఒప్పుకుంటాను. అక్కడి గ్రెబ్బెబెర్గ్ గుట్ట అంచుని రైన్ కోసేయడంతో నది వైపు నేల ఒక్కసారిగా దిగిపోతుంది, పైనుంచి చూస్తే మైదానం అంతా పరుచుకుని కనిపిస్తుంది. కానీ ఆ గుట్ట మీదే 1940 మే 11 నుంచి 13 దాకా యుద్ధం జరిగింది, చనిపోయిన సైనికుల సమాధులు అక్కడే ఉన్నాయి. నూటికి పైగా జనం, పిల్లల కేకలు, అంత్యాక్షరి, పులిహోర డబ్బాలతో ఆ చోటికి వెళ్ళడం నాకు సబబుగా అనిపించడం లేదు. అక్కడికి వేరే రోజు, కొద్దిమందిమి, మౌనంగా వెళ్దాం. వనభోజనాలకి నా ఓటు మార్న్‌కే.

భోజనాల కమిటీ

మార్న్ అయితే మాకూ సరే అండీ. ఒక్కటి చెప్పండి: పోయిన సమ్మర్ పిక్నిక్‌లో లాగా గ్యాస్ పొయ్యి పెట్టుకుని వేడివేడిగా బజ్జీలు వేయచ్చా? ఉసిరికాయ దీపాలు కూడా చెట్టు కిందే వెలిగిద్దామని అత్తయ్యగారు వాళ్ళు ఆశగా ఉన్నారు.

రూటు చూస్తున్న వాలంటీర్

వదినా, అడవిలో పొయ్యి గానీ దీపం గానీ వద్దు. ఇది చిత్తడి అడవి కాదు. కింద అంతా ఇసుక, పైన పైన్ ఆకుల పొర. వాన ఎంత పడ్డా నిలవదు, నేరుగా కిందికి ఇంకిపోతుంది. గుట్ట పైన వాగు కూడా కనిపించదు. ఆ నీరు లోపల వడకట్టుకుని, అంచుల దగ్గర పల్లంలో మళ్ళీ ఊరుతుంది. ఈ చుట్టుపక్కల ఊళ్ళ కుళాయిల్లో వచ్చేది కూడా ఈ గుట్ట కింది నీళ్ళే. అందుకే నూనె, మిగిలిన సాంబారు అక్కడ నేల మీద పారబోయకూడదని గట్టిగా చెప్పాలి. తాగే నీళ్ళు ఎవరివి వాళ్ళు సీసాల్లో తెచ్చుకోవాలి.

భోజనం మార్న్ ఊళ్ళో హాలు తీసుకుని అక్కడ పెడదాం. దీపాలూ అక్కడే. అడవిలోకి దద్దోజనం, పులిహోర, అరటిపళ్ళు చాలు. ఉసిరి చెట్టు ఈ దేశంలో మనకి దొరకదు. ఓక్ చెట్టు కింద కూర్చుని తింటే వనభోజనమే అవుతుంది, పంతులుగారు కూడా అదే అన్నారు.

పిల్లల కార్యక్రమాలు

ట్రెజర్ హంట్ పెడదామనుకుంటున్నాం. అడవిలో ఎక్కడైనా చీటీలు దాచచ్చా?

రూటు చూస్తున్న వాలంటీర్

బాట వదిలి లోపలికి వెళ్ళే ఆట వద్దు. సైకిళ్ళ కోసం వేరే మౌంటెన్ బైక్ దారులున్నాయి, వాళ్ళు మలుపు తిరిగి ఒక్కసారిగా మీదికి వచ్చేస్తారు. పుట్టగొడుగులు చాలా కనిపిస్తాయి, అవి కోయకూడదు, నోట్లో అసలే పెట్టుకోకూడదు.

దానికంటే మంచిది ఒకటుంది. మార్న్ దగ్గర గుట్టని రైలు కోసుకుంటూ వెళ్తుంది. ఉట్రెక్ట్-ఆర్నెమ్ లైను 1845లో మొదలైంది. తర్వాత రైల్వే వాళ్ళు అక్కడే పెద్ద ఎత్తున ఇసుక తవ్వారు. ఆ ఇసుకలోంచి బయటపడ్డ పెద్ద బండరాళ్ళని ఊరి పక్కన ఒకచోట పేర్చి ఉంచారు. అవి ఇక్కడి రాళ్ళు కావు. స్కాండినేవియా నుంచి మంచు మోసుకొచ్చినవి. దగ్గరికెళ్ళి చేత్తో తడిమితే అంచులు అరిగి నున్నగా తగులుతాయి, కొన్నిటిలో గులాబిరంగు పలుకులు మెరుస్తాయి. హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లలకి బండలు కొత్త కాదు. కానీ బంజారాహిల్స్ బండలు ఉన్నచోటే పుట్టి ఉన్నచోటే అరిగినవి, ఇవి సముద్రం అవతల నుంచి వచ్చినవి. ఈ తేడా ఒక్కో పిల్లాడూ రాళ్ళ ముందు నిలబడి తన మాటల్లో తెలుగులో చెప్పాలి. చీటీల ఆట కంటే ఇది వాళ్ళకి గుర్తుంటుంది. పిల్లలకి తెలుగు నేర్పే మనబడి టీచర్లు ముందే నాలుగు మాటలు నేర్పిస్తే బాగుంటుంది: మంచుగడ్డ, గులక, మొరం, వాలు.

తల్లిదండ్రుల బాధ్యత

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు చాలామంది ఉన్నారు అన్నయ్యా. మోకాళ్ళ నొప్పులు. స్ట్రోలర్లు కూడా ఓ పది దాకా వస్తాయి.

రూటు చూస్తున్న వాలంటీర్

రెండు బృందాలు చేద్దామమ్మా. నడవగలిగిన వాళ్ళు దక్షిణంగా కాప్సె బోసెన్ అడవిలోకి వెళ్ళి, అక్కడి టవర్ ఎక్కి వస్తారు. చెట్ల తలల మీదుగా గుట్ట ఎలా సాగుతుందో అక్కడి నుంచి తెలుస్తుంది. పెద్దవాళ్ళు, స్ట్రోలర్లు రాళ్ళు చూసుకుని చదునైన బాటలో కాసేపు తిరిగి హాలుకి వచ్చేస్తారు. ఎక్కడం కష్టం కాదు, వదులు ఇసుకలో చక్రం దిగబడటమే కష్టం. అందుకని చిన్న చక్రాల స్ట్రోలర్ కంటే బేబీ క్యారియర్ నయం. పెద్దవాళ్ళకి చెప్పులు వద్దు, బూట్లు.

చలికాలం కోసం గడియారం గంట వెనక్కి తిప్పేశాక సూర్యాస్తమయం అయిదు గంటల ప్రాంతంలోనే. ఈ అడవుల్లో సూర్యోదయం నుంచి అస్తమయం దాకానే ఉండనిస్తారు. కాబట్టి పదిన్నరకి స్టేషన్ దగ్గర కలుసుకోవాలి, రెండింటికల్లా అందరూ హాల్లో ఉండాలి, దీపాలు నాలుగున్నరకి. ఇంటికెళ్ళాక పిల్లల కాళ్ళూ మోకాలి వెనకా పురుగు పట్టిందేమో చూసుకోమని మెసేజ్ పెట్టాలి. చలి మొదలైనా టీక్ అనే ఆ పురుగు పూర్తిగా పోదు.

ఇక పనులు. అడవి చూసుకునే సంస్థకి ఎంతమందిమి వస్తున్నామో చెప్పి అనుమతి అడిగే మెయిల్ నేను ఈ వారమే పంపుతాను. డచ్ బాగా వచ్చినవాళ్ళు ఒకరు చదివి సరిదిద్దాలి. హాలు బుకింగ్‌కి ఇద్దరు కావాలి. వెనక నడుస్తూ ఎవరూ తప్పిపోకుండా చూసేవాళ్ళు బృందానికి ఇద్దరు చొప్పున నలుగురు, చెత్త సంచులకి మరో ఇద్దరు. పేర్లు కిందే రాయండి, శుక్రవారం రాత్రికల్లా.

భోజనాల కమిటీ

హాలు బుకింగ్ మేం చూసుకుంటాం. బజ్జీలు హాలు వంటింట్లో.