కంపెనీ మూతపడిన ఒగ్గుకథ క్యాసెట్లను నెట్‌లో పెట్టొచ్చా?

హనుమకొండ శ్రోత:
మా అటక మీద ఒక సంచి నిండా పాత క్యాసెట్లున్నాయి. ఎక్కువగా ఒగ్గుకథలే: మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ. కొన్ని మేడారం పాటలు, బతుకమ్మ పాటలు కూడా ఉన్నాయి. ఐనవోలు జాతరలోనో, వరంగల్ బస్టాండు దగ్గరో కొన్నవి. పెద్ద కంపెనీలవి కావు. ఇక్కడి షాపులవాళ్లే కళాకారులను పిలిచి రికార్డు చేయించి, తమ పేరుతో అమ్మినవి. నేను వెతికినంతలో ఇవి ఏ యాప్‌లోనూ దొరకలేదు. కవర్ మీది అడ్రసు పట్టుకుని వెళ్తే ఆ షాపు ఉన్నచోట మొబైల్ రిపేరు సెంటర్ ఉంది. పాత ఓనరు ఎటు పోయాడో పక్కవాళ్లకూ తెలియదు. హక్కుదారు దొరకనప్పుడు వీటిని యూట్యూబ్‌లో పెట్టడం న్యాయమేనా? మీ అభిప్రాయం చెప్పండి.

కాజీపేట జంక్షన్:
న్యాయమే. ఆలస్యం చేయకుండా పెట్టేయండి. టేపు మనకోసం ఆగదు. ముందు మూత తీసి చూడండి. రీలు అంచున తెల్లటి బూజు కనబడితే ప్లే చేయొద్దు, అది ప్లేయర్‌లో టేపును చదివే హెడ్‌కు అంటుకుని మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. రీలును ఒత్తి పట్టే చిన్న ఫెల్టు ముక్క ఊడిపోయి ఉంటే పాడైన ఇంకో క్యాసెట్‌లోది తీసి అతికించాలి. హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. కథ నడుస్తుండగా దాన్ని కొద్దికొద్దిగా తిప్పి, తాళాల మోత ఎక్కడ స్పష్టంగా వినిపిస్తే అక్కడ ఆపండి. చాలామంది ఇది చేయరు, అందుకే నెట్‌లో ఉన్న పాత కథలన్నీ దుప్పటి కప్పుకుని చెప్పినట్టు వినిపిస్తాయి. ఎంపీ3 వద్దు, అది ధ్వనిని కుదించేస్తుంది. కంప్యూటర్‌లోకి 24 బిట్ వేవ్ ఫైలుగా, అంటే కుదించకుండా ఎక్కించుకోండి. హక్కుల సంగతి అంటారా, షాపు మూసుకుని పోయినవాడు ఇప్పుడొచ్చి అడుగుతాడా?

జనగామ బిడ్డ:
అన్నా, షాపువాడు అడగడు. మేము అడుగుతాం. మా బాపు ఒగ్గు కళాకారుడు. ఆ రోజుల్లో రాత్రంతా కథ చెప్పించుకుని, ఒక్కసారి పైసలు చేతిలో పెట్టి పంపేవాళ్లు. ఎన్ని క్యాసెట్లు అమ్ముడైనా మళ్లీ రూపాయి రాలేదు. ఇప్పుడు ఒక ఛానెల్‌వాళ్లు అదే కథను తమ లోగో వేసి పెట్టారు, మధ్యమధ్య యాడ్‌లు వస్తున్నాయి. కథ చెప్పినాయన పేరు తప్ప వంత పాడినోళ్ల పేర్లు లేవు, డోలు కొట్టినాయన పేరు లేదు. అంతకన్నా బాధ ఇంకొకటి. మల్లన్న పట్నం, అంటే పూజకు రంగుల ముగ్గు, వేసినప్పుడు చెప్పే ఘట్టాన్ని ముక్క కోసి రీల్ వీడియో చేశారు. అది మాకు పూజ. పట్నం దగ్గర కూర్చుని చెప్పేదాన్ని ఎవరో డ్యాన్సుకు వాడుకుంటుంటే ఇంట్లోవాళ్లం చూడలేకపోయాం. క్యాసెట్ పాతదైనంత మాత్రాన అందరి సొత్తు కాదు.

లక్క రికార్డు:
నేను 78 ఆర్‌పిఎం రికార్డులు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క పలకలు, సేకరిస్తాను. హక్కుదారును వెతకడంలో గ్రామఫోన్ రికార్డుకూ మన జాతర క్యాసెట్‌కూ చాలా తేడా ఉంది. మన దేశంలో గ్రామఫోన్ రికార్డింగ్ 1902లో కలకత్తాలో మొదలైంది. హెచ్‌ఎంవి, కొలంబియా అని లేబుళ్లు వేరువేరుగా కనబడ్డా 1931 తర్వాత వాటి వెనుక ఉన్నది గ్రామఫోన్ కంపెనీయే, అదే నేటి సారెగమ. లేబుల్ మీద కేటలాగ్ నంబరు ఉంటుంది. లేబుల్ చుట్టూ పాట లేని నున్నటి చోట మ్యాట్రిక్స్ నంబరు, అంటే ఆ రికార్డింగ్‌కు కంపెనీ ఇచ్చిన గుర్తింపు సంఖ్య, ఉంటుంది. పలకను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే కనబడుతుంది. ఆ రెండూ ఉంటే పాత కేటలాగుల్లో వెతకొచ్చు. (వాటిని స్పిరిట్‌తో మాత్రం తుడవకండి, లక్క కరిగిపోతుంది.)

క్యాసెట్‌కు ఆ దారి లేదు, కవరే దిక్కు. కాపీరైట్ చట్టం 52ఎ సెక్షన్ ప్రకారం రికార్డు చేయించినవారి పేరు, అడ్రసు, హక్కుదారు పేరు, అడ్రసు, మొదట విడుదలైన సంవత్సరం దాని మీద ఉండాలి. చిన్న కంపెనీలవాళ్లు సంవత్సరం వేయకపోయినా అడ్రసు వేస్తారు. సాధారణంగా ఫోన్ నంబరులో అంకెలు ఎంత తక్కువుంటే అది అంత పాతది. కవర్ అంచున సన్నటి అక్షరాల్లో ప్రింటింగ్ ప్రెస్సు పేరో, రికార్డింగ్ స్టూడియో పేరో ఉంటుంది. షాపు పోయినా ప్రెస్సు ఉండొచ్చు. అక్కడ అడగండి. అందుకే టేపు కన్నా ముందు కవర్ రెండువైపులా స్కాన్ చేయండి.

ఇక హక్కు ఎవరిది? చట్టం లెక్కన రికార్డింగ్ మీద హక్కు దాన్ని తీయించిన నిర్మాతది, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1960లో వచ్చిన రికార్డు మీద అది 2020తో తీరిపోయింది. 1990 క్యాసెట్ మీద 2050 దాకా ఉంటుంది. ప్రదర్శించిన కళాకారులకు వేరే హక్కుంది, అది 50 ఏళ్లు. హక్కుదారు దొరకనప్పుడు పత్రికా ప్రకటన ఇచ్చి లైసెన్సుకు దరఖాస్తు చేసుకునే వీలు 31ఎ సెక్షన్‌లో ఉంది. లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గరున్న ప్రతిని భద్రపరచడానికి డిజిటల్ కాపీ చేసుకోవచ్చు. తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం మన వరంగల్‌లోనే ఉంది. ముందు అక్కడ అడగండి. నా మాట ఇది: కాపీ ఈరోజే చేయండి, నెట్‌లో పెట్టడం మాత్రం కళాకారుల ఇంటికి వెళ్లి అడిగాకే.

కాజీపేట జంక్షన్:
సార్, మీరు చెప్పింది చట్టం. నేను చెప్పేది మన ఊరి సంగతి. జాతర క్యాసెట్ కోసం పేపర్లో ప్రకటన ఇచ్చి, లాయరును పెట్టుకునేదెవరు? 2050 దాకా ఆగితే ఆ కథ విన్నవాళ్లుండరు, టేపూ ఉండదు. పీఠానికి ఇవ్వడం మంచిదే, నేనూ ఒప్పుకుంటా. కానీ బీరువాలో ఉన్న కథను భూపాలపల్లి పిల్లవాడు ఎట్లా వింటాడు? వినేవాళ్లు లేక కథ పోతే అది కళాకారుడికి ఇంకా పెద్ద అన్యాయం. జనగామ తమ్ముడు అన్న యాడ్‌ల మాట మాత్రం నిజం. యాడ్‌లు ఆపేసి, అందరి పేర్లూ రాసి పెడితే తప్పేముంది?

జనగామ బిడ్డ:
అడగకపోవడం తప్పు. యాడ్‌లు తీసేసి పేర్లు రాస్తే సగం న్యాయం జరిగినట్టే, కాదనను. కానీ కథలో ఏది పదిమందిలో పెట్టొచ్చో, ఏది గుడి దగ్గరే ఉండాలో చెప్పాల్సింది చెప్పినవాళ్లు, వాళ్లు లేకపోతే వాళ్ల పిల్లలు. మమ్మల్ని పట్టుకోవడం కష్టమేం కాదు. కంపెనీలు మూతపడ్డాయి గానీ కళాకారుల ఇండ్లు ఎటూ పోలేదు. కొమురవెల్లిలో, ఐనవోలులో జాతర రోజుల్లో అడిగితే ఎవరి బృందం ఏ ఊరిదో అక్కడే చెప్తారు.

మెట్‌పల్లి అక్క:
ఒగ్గుకథకు బృందం పేరన్నా ఉంటుంది. బతుకమ్మ పాటల క్యాసెట్ల మీద "మహిళా బృందం" అని రాసి వదిలేశారు. మా పెద్దమ్మ పాడిన పాట ఉన్న క్యాసెట్ మీద ఆమె పేరే లేదు. ఆ గొంతు నెట్‌లో వినిపిస్తే మా ఇంట్లో అందరికీ సంతోషమే. పెట్టేవాళ్లు కింద ఒక మాట రాయండి: పాడినవాళ్లను గుర్తుపడితే చెప్పండి, పేరు చేరుస్తాం అని.

హనుమకొండ శ్రోత:
అందరికీ కృతజ్ఞతలు. కవర్లు స్కాన్ చేశాను, ఫోటోలు కింద పెడుతున్నాను. టేపులన్నీ ఎక్కించి ఒక కాపీ పీఠం వాళ్లకు ఇస్తానని అడుగుతా. బతుకమ్మ పాటలు అక్క చెప్పినట్టు యాడ్‌లు లేకుండా పెడతాను, ఇంటివాళ్లు ఎవరు వద్దన్నా తీసేస్తాను. ఒగ్గుకథలు మాత్రం అడిగాకే. కాజీపేట అన్నా, మీరు చెప్పిన స్క్రూ తిప్పి చూశాను. డోలు వేరుగా, తాళాలు వేరుగా వినిపిస్తున్నాయి.

జనగామ బిడ్డ:
రెండో ఫోటోలో డోలు కొట్టినాయన పేరు చూశాను. మా బాపుకు బాగా తెలిసినాయనే. ఆయన మనుమడు ఇప్పుడు కొమురవెల్లిలో పట్నాలు వేస్తాడు. ఆదివారం పోయి అడుగుతా. ఒప్పుకుంటే కథంతా పెట్టండి, పట్నం ఘట్టం వద్దంటే ఆ భాగం తీసేసి పెట్టండి.

కాజీపేట జంక్షన్:
తమ్ముడూ, ఆ ఘట్టం తీసేసేది నెట్‌లో పెట్టే కాపీలోంచే. పీఠానికిచ్చే కాపీలో అట్లాగే ఉండాలి. ఆ మాట కూడా వాళ్లను అడిగి రా.