కనకపుర రోడ్డు వైపు పొలం గట్టు: సీతాకోకచిలుకల కోసం ఏ మొక్కలు ఉంచాలి, రాత్రి మాత్‌లను ఎలా చూడాలి?

రాగిచేను

నమస్కారం. పొలం బెంగళూరుకి దక్షిణాన, కనకపుర రోడ్డులో హారోహళ్ళి దాటాక ఉంది. రెండెకరాలు. ఎక్కువ భాగం రాగి, ఒక మూల మామిడి చెట్లు. పడమటి గట్టు చెరువు కట్టదాకా సాగుతుంది. అక్కడంతా లంటానా, జిల్లేడు, తంగేడు, ఆముదం, పేరు తెలియని తీగలు కలిసి పొదలు కట్టేశాయి. వానలు పట్టుకునేలోపు జేసీబీతో చదును చేయించాలని ఇంట్లోవాళ్ళు, కలుపుమందు కొడితే చాలని పనివాళ్ళు. సీతాకోకచిలుకలు తిరిగేది ఆ గట్టు మీదే కనుక ప్రస్తుతానికి ఆపించాను. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

ఇంకో రెండు సందేహాలు. నారింజ రంగు, నల్ల అంచు, ముందు రెక్క కొసన తెల్ల పట్టీ ఉన్నది రోజూ కనిపిస్తుంది. యాప్ ఒకసారి ప్లెయిన్ టైగర్ అంటుంది, ఇంకోసారి డానాయిడ్ ఎగ్‌ఫ్లై అంటుంది. తేడా ఎక్కడ చూడాలి? అలాగే రాత్రి తెల్లగుడ్డ కట్టి, దీపం పెట్టి మాత్‌లను (సీతాకోకల్లాంటి రాత్రి పురుగులను) చూడాలని ఉంది. వాటికి హాని లేకుండా ఎలా చేయాలి?

తంగేడుపూలు

జేసీబీ వద్దు, కలుపుమందు అసలే వద్దు. మందు పురుగును చంపకపోయినా దాని తిండిని చంపుతుంది, ఫలితం ఒకటే. పూలతేనె కోసం సీతాకోకచిలుక ఎంత దూరమైనా పోతుంది. గుడ్డు మాత్రం తన పిల్లపురుగు తినే ఆకు మీదో, దాని పక్కనో పెడుతుంది. కాబట్టి గట్టు మీద ముందు పూలు కాదు, ఆకులు చూడండి.

జిల్లేడు ప్లెయిన్ టైగర్‌ది. తంగేడు మాటిల్డ్ ఎమిగ్రెంట్‌కి, రేల చెట్టు ఉంటే కామన్ ఎమిగ్రెంట్‌కి. ఆముదం కామన్ క్యాస్టర్‌కి. దాసరి పురుగు కూడా ఆముదం ఆకే తింటుంది, అది పెరిగి మాత్ అవుతుంది. గట్టు మీద నాలుగు ఆముదం మొక్కలకు దాసరి పురుగు పడితే పడనివ్వండి. చెరువు వైపు తేమలో నీటిగొబ్బి ఉంటే పీకాక్ పాన్సీ వస్తుంది. కాళ్ళ కింద పులిచింత, గంగవాయిలి కూడా లెక్కలోవే: మొదటిది పేల్ గ్రాస్ బ్లూకి, రెండోది మీరు అడిగిన డానాయిడ్ ఎగ్‌ఫ్లైకి. మామిడి కొమ్మల మీద బదనిక పట్టిందా? మొత్తం నరికించకండి, కామన్ జెజిబెల్ పిల్లలకు అదే తిండి. చెట్టు చిన్నదైతే తీసేయాలి గానీ, పెద్ద చెట్టు మీద ఒకటి రెండు గుబుర్లు ఉంటే నష్టం లేదు.

పేరు తెలియని తీగల్లో ఈశ్వరి ఉందేమో చూడండి. ఆకు నలిపితే ఘాటు వాసన, ఎండి పగిలిన కాయ ఉట్టిలా వేలాడుతుంది. ఉంటే మాత్రం ముట్టుకోవద్దు, కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్ రెండూ దానిమీదే బతుకుతాయి. ఈశ్వరి దొరకలేదని నర్సరీలో పెద్ద మచ్చల పువ్వు పూసే, ఈశ్వరి జాతిదే అయిన అలంకారపు అరిస్టొలోకియా తీగ తెచ్చి పాకించకండి. ఆస్ట్రేలియాలో రిచ్‌మండ్ బర్డ్‌వింగ్ అనే సీతాకోక అలాంటి తీగ మీద మోసపోయి గుడ్లు పెట్టడం, పిల్లలు ఆకు తిని చావడం బాగా తెలిసిన సంగతే. ఇక్కడ ఆ ప్రయోగం మనకెందుకు?

ఇక లంటానా. తేనె కోసం సీతాకోకలు దానిమీద మూగుతాయి నిజమే. కానీ దాని ఆకు తిని పెరిగే సీతాకోకచిలుక మన దగ్గర లేదు, పైగా మిగతా మొక్కల్ని లేవనివ్వదు. తీసేయాల్సిందే, కాకపోతే ఒక్క దెబ్బకి కాదు. ఏడాదికి మూడో వంతు. పైపైన కొడితే రెట్టింపు చిగురిస్తుంది. వాన పడి నేల మెత్తబడ్డాక, నేల మట్టానికి 3 నుంచి 5 సెంటీమీటర్ల కింద తల్లివేరు నరికి, పొదను తలకిందులు చేసి అక్కడే ఎండనివ్వండి. ఖాళీ అయిన చోట తంగేడు, జనుము గింజలు చల్లండి. వయ్యారిభామను పూతకు ముందే పీకించండి. గడ్డిచేమంతిని వదిలేయండి, చిన్న సీతాకోకలకు ఏడాదిలో ఎక్కువ నెలలు తేనె అదే.

నాలుగోచుక్క

నారింజ రంగుదాని సంగతి. ముందు రెక్క చూసి ఎప్పటికీ తేల్చలేరు, ఆ పట్టీ రెంటికీ అచ్చు గుద్దినట్టు ఉంటుంది. వెనక రెక్క చూడండి. ప్లెయిన్ టైగర్‌కి రెక్క మధ్య ప్రాంతంలో మూడు నల్లచుక్కలు ఉంటాయి, మగదైతే నాలుగోది కాస్త పెద్దగా, అది వాసన సంచి. డానాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడదానికి మధ్యలో ఏమీ ఉండదు, పై అంచు దగ్గర ఒక్క చుక్క మాత్రమే. మగ ఎగ్‌ఫ్లైతో అసలు చిక్కే లేదు: నలుపు మీద ఆరు తెల్ల మచ్చలు, వాటి చుట్టూ ఊదా మెరుపు. జిల్లేడు విషం వల్ల పక్షులు ప్లెయిన్ టైగర్ జోలికి పోవు, ఆడ ఎగ్‌ఫ్లై ఆ వేషం కట్టి తప్పించుకుంటుంది. యాప్ మోనార్క్ అని చూపిస్తే వెంటనే కొట్టేయండి, అది మన ప్రాంతంలో లేదు.

ఈ గట్టు మీద ఇంకో వేషగాడు ఉంటుంది. కామన్ మార్మన్ ఆడవి కొన్ని కామన్ రోజ్‌లా, కొన్ని క్రిమ్సన్ రోజ్‌లా ఉంటాయి. రెక్కలతో కుస్తీ పడకండి, ఒళ్ళు చూడండి. రోజ్‌ల ఒంటి మీద ఎరుపు ఉంటుంది, మార్మన్ ఒళ్ళు నలుపు.

పసుపుపచ్చ గ్రాస్ ఎల్లోలకు రెక్క కింది వైపు ఫోటో లేకుండా పేరు అడగకండి. ముందు రెక్క అడుగున, మొదలు వైపు గడిలో చుక్కలు లెక్కపెట్టాలి: ఒకటైతే వన్‌-స్పాట్, రెండైతే కామన్, మూడైతే త్రీ-స్పాట్. ఎండాకాలం రూపంలో చుక్కలు మసకబారతాయి, అప్పుడు పేరు పెట్టకపోవడమే మేలు. కామన్ ఈవెనింగ్ బ్రౌన్ కూడా అంతే. వానాకాలం రెక్కల అడుగున కళ్ళలాంటి చుక్కలు తేటగా ఉంటాయి, ఎండాకాలం ఎండుటాకే. రెండు జాతులని రాసేసుకుంటారు చాలామంది.

ప్రతి దానికీ మూడు ఫోటోలు: రెక్క పైభాగం, అడుగు, కూర్చున్న మొక్క. గుడ్డు పెడుతుంటే ఆ ఆకు ఫోటో రెక్క ఫోటో కంటే విలువైనది. తర్వాత బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా, మాత్స్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్లలో పోల్చి చూసి, జీవుల ఫోటోలు పెట్టి పేరు తేల్చుకునే ఐనాచురలిస్ట్ సైటులో ఎక్కించండి. స్విఫ్ట్‌లనే గోధుమరంగు చిన్న సీతాకోకలు, చిన్న చిన్న మాత్‌లు ఫోటోతో చాలావరకు తేలవు. కుటుంబం పేరు దగ్గర ఆపితే అవమానమేం కాదు.

దీపంకింద

గుడ్డ నూలుదే కావాలి, పాలిస్టర్ మీద కాళ్ళు పట్టు దొరక్క జారిపోతాయి. 2 మీటర్లు బై 1.5 మీటర్లు చాలు. రెండు కర్రల మధ్య బిగించి, కింద నేల మీద ఇంకో గుడ్డ పరవండి. సగం మాత్‌లు కిందే వాలతాయి, చూడకుండా తొక్కేస్తారు.

దీపం: మామూలు తెల్ల ఎల్ఈడీ బల్బులో అతినీలలోహిత కాంతి ఉండదు, పెద్దగా ఏమీ రావు. 160 వాట్ల పాదరసపు బల్బుకి చోక్ అక్కర్లేదు గానీ కరెంటు కావాలి. పైగా వేడెక్కిన గాజు మీద వాన చినుకు పడితే పగులుతుంది, గుడ్డకు ఒక అడుగు దూరం ఉంచకపోతే గుడ్డ కాలుతుంది. పొలంలో పవర్ బ్యాంకుతో నడిచే అతినీలలోహిత ఎల్ఈడీ పట్టీ సుఖం. కొనేటప్పుడు కాంతి తరంగదైర్ఘ్యం 365 నానోమీటర్లా, 395ఆ అని అడగండి. 395వి చవక, పని తక్కువ. ఏదైనా నేరుగా కళ్ళతో చూడొద్దు.

అమావాస్య అటూ ఇటూ, గాలి లేని, ఉక్కగా ఉన్న రాత్రి, వాన వెలిసిన మర్నాడు. పున్నమి నాడు కూర్చుంటే దోమలే గిట్టుబాటు. చీకటి పడగానే చిన్నవి వస్తాయి, పెద్ద మాత్‌లు చాలావరకు అర్ధరాత్రి దగ్గర. తొలకరికి ఉసిళ్ళు లేస్తే గుడ్డ కనిపించదు. ఒక గంట దీపం ఆర్పేయండి, అవి సద్దుమణిగాక మళ్ళీ వెలిగించండి.

అసలు హాని తెల్లవారాక జరుగుతుంది. గుడ్డ అలాగే వదిలేసి నిద్రపోతే వేకువనే పిగిలిపిట్టలు, ఎట్రింతలు వచ్చి వరసగా ఏరుకు తింటాయి. రాత్రి 11 లేదా 12కే దీపం ఆర్పి, గుడ్డను పొదల పక్కన మెల్లగా దులపండి. వరసగా రోజూ పెట్టకండి, వారానికి ఒక రాత్రి చాలు. దీపం చుట్టూ తిరిగినంతసేపు అవి జత కట్టవు, గుడ్లు పెట్టవు.

దీపానికి ఇంకో పురుగూ వస్తుంది: నారింజ, నలుపు పట్టీలు, సన్నగా, సెంటీమీటరు లోపు, చీమలా పరుగెడుతుంది. మెడ మీద వాలితే చేత్తో చిదమకండి, ఊది పారేయండి. దాని రసం తగిలితే మర్నాటికి చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది. తగిలిందనిపిస్తే వెంటనే సబ్బుతో కడగండి.

హారోహళ్ళి వైపు బన్నేరుఘట్ట అడవి దగ్గరే. రాగి కంకి వేసే రోజుల్లో ఏనుగులు దిగుతాయి, అప్పుడు రాత్రి గట్టు మీద కూర్చోవడం మానుకోండి. అటవీ భూమిలోకి వెళ్ళి దీపం పెట్టాలంటే అటవీశాఖ అనుమతి ఉండాల్సిందే.

చెరువుకట్ట

ఒకటి కలుపుతాను. గట్టు బాగుపడుతోందో లేదో తెలియాలంటే లెక్క కావాలి. బ్రిటన్‌లో 1976 నుంచి వాడుతున్న పద్ధతే ఇక్కడా పనికొస్తుంది: 300 మీటర్ల దారి ఖాయం చేసుకుని, ఒకే నడకతో, ఇటు 2.5, అటు 2.5, ముందు 5 మీటర్ల లోపు కనబడ్డవే లెక్కపెట్టాలి. వెనక్కి తిరగొద్దు, లేకపోతే ఒకే ప్లెయిన్ టైగర్‌ని మూడుసార్లు రాస్తారు. బెంగళూరు ఎండకి ఉదయం 9:30 నుంచి 11:30 మంచి వేళ. మబ్బు, గాలి ఉన్న రోజు వాయిదా వేయండి. ఏమీ కనబడని రోజు సున్నా అని రాయండి, ఖాళీగా వదలొద్దు. మే, జూన్‌లలో బ్లూ టైగర్, క్రో సీతాకోకలు గుంపులుగా తూర్పుకి పోతుంటే వాటిని వేరే పుటలో, ఎటు పోతున్నాయో దిక్కుతో సహా రాయండి. అక్టోబరు, నవంబరులో పడమటి కనుమల వైపు తిరిగి వెళ్ళేటప్పుడు కూడా. వాటిని గట్టు లెక్కలో కలిపితే ఆ నెల మొత్తం అంకెలు పాడవుతాయి.

రాగిచేను

అందరికీ ధన్యవాదాలు. జేసీబీ ఆగిపోయింది. మామిడికి తేనెమంచు పురుగు మందు కొట్టడం తప్పదు, దాని వల్ల గట్టుకి ఏమైనా అవుతుందా? ఇంకోటి: కరివేపాకు కొమ్మకి నడుము దగ్గర దారంతో కట్టినట్టు ఒక గూడు ఉంది, గోధుమ రంగు. బతికే ఉందా?

తంగేడుపూలు

మందు గాలికి కొట్టుకొస్తుంది. గాలి గట్టు వైపు వీచేటప్పుడు కొట్టించకండి, గట్టు పక్క చివరి వరస చెట్లను వదిలేయండి. మామిడి ఆకే తినే సీతాకోక కూడా ఒకటుంది, కామన్ బారన్. పిల్లపురుగు ఆకు మధ్య ఈనె మీద ఈకల్లాంటి ముళ్ళు పరుచుకుని పడుకుంటే ఎదుటే ఉన్నా కనబడదు. వదిలేసిన వరస దానికి దక్కుతుంది. చెట్ల కింద రాలిన ఆకులు తగలబెట్టించకండి, చాలా మాత్‌ల గూళ్ళు ఆ ఆకుల్లోనూ మట్టిలోనూ ఉంటాయి.

కరివేపాకు గూడు లైమ్ సీతాకోకదో, కామన్ మార్మన్‌దో. పచ్చటి చోట కడితే ఆకుపచ్చ, బెరడు మీద కడితే గోధుమ రంగు, కాబట్టి రంగు చూసి చచ్చిందనుకోవద్దు. మామూలుగా పది రోజులు అటూ ఇటూగా పగులుతుంది, చలికాలంలో ఇంకా ఆలస్యం. ముందు రోజు పలచబడి లోపల రెక్కల రంగు కనిపిస్తుంది. గుండుసూది మోపినంత గుండ్రటి రంధ్రం ఉంటే కందిరీగ జాతి చిన్న పురుగులు లోపల తినేసి వెళ్ళిపోయినట్టు. కింద తెల్లటి జిగురు దారం వేలాడితే ఈగ పిల్లలు దిగిపోయినట్టు. రెండూ సహజమే, వాటిని చంపాల్సిన పని లేదు. దారం తెగి గూడు కింద పడితే తోక వైపు ఉన్న పట్టుపోగుల ముద్దను నూలు దారంతో పుల్లకి కట్టి, నిలువుగా, కింద కనీసం 10 సెంటీమీటర్ల ఖాళీ ఉండేలా నిలబెట్టండి. రెక్కలు విప్పి ఆరబెట్టుకోడానికి చోటు లేకపోతే వంకరగా గట్టిపడతాయి, ఇక ఎగరలేదు. పురుగును డబ్బాలో పెంచాలనిపిస్తే మీ తోటలో మందు తగలని కరివేపాకే వేయండి. బజారు కట్టలు కడిగినా నమ్మలేం, రెండో రోజుకే పురుగు నల్లబడి పడిపోవచ్చు.