అతను, ఆమె లేకుండా పరిచయం చదవడం ఎలా?

కావలిలో మా కార్యాలయ సభలో ఒక సహోద్యోగి గురించి నాలుగు మాటలు చదవాలి. తనను ‘అతను’ అనీ ‘ఆమె’ అనీ అనవద్దని ముందే చెప్పారు. ‘తను’ అంటే సమ్మతమే.

చిక్కంతా క్రియతోనే. ‘తను చేరాడు’ అంటే మగ. ‘తను చేరింది’ అంటే ఆడ, పైగా అది బస్సుకూ సరిపోతుంది. ‘వారు 2021లో చేరారు, కందుకూరు శాఖను నిలబెట్టారు’ అని రాసి చూపిస్తే ‘ఎంతమంది చేరారు?’ అని అడిగారు. ప్రతి వాక్యంలో పేరే రాస్తే చెవికి మొత్తింది. క్రియలు తీసేసి ‘చేరిక 2021లో’ అని కుదిస్తే బయోడేటా అయింది.

చివరికి ‘తను చేరారు’ దగ్గర ఆగాను. ఏకవచనానికి బహువచన క్రియ తప్పని మా పెద్ద గుమాస్తా అభ్యంతరం. ‘మేనేజరు వచ్చారు’ అని రోజూ అనేది ఆయనే, అది వేరే సంగతి.

పరిచయమంతా ‘తను చేరారు, తను నిలబెట్టారు’ అని చదివితే వినేవారికి ఎబ్బెట్టుగా ఉంటుందా?