పాత సిస్టమ్‌కి ఏ గ్రాఫిక్స్ కార్డు వేయమంటారు?

మాది విజయవాడ. 2018లో అసెంబుల్ చేయించిన సిస్టమ్: ఐ5 8400 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు. ఇన్నాళ్లూ బాగానే నెట్టుకొచ్చింది. మొన్న సైబర్‌పంక్ 2077 గేమ్ వేస్తే మాత్రం సెట్టింగులన్నీ లో పెట్టినా ఆగి ఆగి నడుస్తోంది.

గవర్నర్‌పేటలో ఒక షాపతను ఆర్టీఎక్స్ 3060 కార్డు వేసుకోమన్నాడు. ఇంటికొచ్చి చూస్తే దానికి 170 వాట్లు, పైగా ఎనిమిది పిన్నుల పవర్ కేబుల్ కావాలి. నా పవర్ సప్లై 450 వాట్లది, అందులో ఉన్నది ఆరు పిన్నుల కేబులే. ఇప్పటి కార్డు మదర్‌బోర్డు స్లాట్ నుంచే కరెంటు లాక్కుంటుంది కాబట్టి ఈ గొడవ ఇంతకాలం తెలియలేదు. ఆరు పిన్నుల్ని ఎనిమిదికి మార్చే అడాప్టర్ పెడితే చాలంటాడు ఆయన. నాకు ధైర్యం చాలడం లేదు. మన ఊరి ఎండల్లో ఊరికే ఆన్ చేసినా క్యాబినెట్ కాలిపోతుంటుంది!

అదనపు కేబుల్ అక్కర్లేని 6 జీబీ ఆర్టీఎక్స్ 3050తో సరిపెట్టుకోవచ్చా? లేక పవర్ సప్లై కూడా మార్చి, 132 వాట్ల ఆర్ఎక్స్ 6600 కార్డు తీసుకోవడం మేలా? మానిటర్ రిజల్యూషన్ 1080పీనే. బడ్జెట్ పాతిక వేలు, అందులోనే ర్యామ్ 16కి పెంచాలి. సెకండ్‌హ్యాండ్ అంటే క్రిప్టోకరెన్సీ మైనింగ్‌లో నలిగిన కార్డు అంటగడతారేమోనని టెన్షన్. కొన్నవాళ్లుంటే ఏం చూసి కొన్నారో చెప్పండి.