గుప్తేశ్వర్ గుహకు మామ్మను తీసుకెళ్లాలి, వెళ్లొచ్చినవాళ్లు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని జయపురం, ఇంట్లో తెలుగే. మా మామ్మకు 78 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఈ కార్తీకంలో గుప్తేశ్వర్ వెళ్లాలని పట్టుబట్టింది. చిన్నప్పుడు వాళ్ల నాన్న భుజాల మీద కూర్చుని వెళ్లిందట. మళ్లీ వెళ్లలేదు.

కోరాపుట్ జిల్లా రామగిరి అడవుల్లో, శబరి నది దగ్గర సున్నపురాయి గుహలో వెలసిన శివుడు ఆయన. వనవాసంలో రాముడే ఈ లింగాన్ని కనుక్కున్నాడని ఇక్కడివాళ్ల నమ్మకం. గుప్త కేదారం అని కూడా అంటారు. మా మామ్మ మాత్రం, "రాముడంతటివాడే తల వంచి లోపలికెళ్లాడు, మనమెంత?" అని చెప్పి, మంచం మీదే తల వంచి చూపిస్తుంది. అది చూస్తే ఎలాగైనా తీసుకెళ్లాలనిపిస్తుంది.

ఈ మధ్య వెళ్లినవాళ్లు చెప్పండి: బండి ఎంతవరకు వెళ్తుంది? సంపెంగ చెట్ల మధ్య మెట్లకు పట్టుకోవడానికి కమ్మీ ఉందా? డోలీగానీ, కుర్చీలో మోసేవాళ్లుగానీ దొరుకుతారా? లోపల నేల తడిగా ఉంటుందా? జారితే ఎలా అని నాకు ఒకటే టెన్షన్. శివరాత్రి జాతర రద్దీలో ఆమెను తీసుకెళ్లలేను, అందుకే మామూలు రోజు చూస్తున్నాను.

ఇంకో మాట. రాముడు ఆ గుహకు వచ్చిన కథను తెలుగులో పాటగా పాడేవారని మామ్మ అంటుంది. ఆమెకు రాగం గుర్తుంది, మాటలు పోయాయి. జయపురం, రాయగడ, మల్కన్‌గిరి వైపు మీ ఇళ్లలో పెద్దవాళ్లెవరికైనా ఆ పాట వచ్చా? రెండు చరణాలు దొరికినా చాలు, గుహ దగ్గర ఆమెకు వినిపిస్తాను.