పాత ఫ్యాక్టరీ తనిఖీ రిపోర్టులు ఎక్కడ దొరుకుతాయి? అర్జెంట్

గంటస్తంభం కుర్రాడు:
రాత్రి తొమ్మిదింటికి కూర్చున్నాను, ఇప్పుడు రెండున్నర. ఒక్క ముక్క దొరకలేదు. మా ముత్తాత చిన్నప్పుడు ఫ్యాక్టరీలో పనిచేశాడు. అప్పట్లో పిల్లల చేత ఎన్ని గంటలు చేయించుకోవచ్చు, తనిఖీకి ఎవరొచ్చేవారు, ఇవి రాయాలి. ఎం.ఏ. ప్రాజెక్టు, సోమవారం ఇచ్చేయాలి. విజయనగరం జిల్లా ఫ్యాక్టరీ రిపోర్టు అని ఎన్ని రకాలుగా కొట్టినా బొబ్బిలి యుద్ధం, పైడితల్లి సిరిమాను తప్ప ఏమీ రావట్లేదు. మన జిల్లాలో అసలు తనిఖీలే జరగలేదా ఏటి? టెన్షన్‌తో తల పగిలిపోతోంది. లింకు ఉంటే పెట్టండి ప్లీజ్.

పాతకాగితం:
ఏ ఏడాది? ఏ ఊరు?

గంటస్తంభం కుర్రాడు:
పాత రోజులండీ, బ్రిటిష్ వాళ్ళప్పుడు. జనపనార ఫ్యాక్టరీ.

పాతకాగితం:
బ్రిటిష్ వాళ్ళు 1947 దాకా ఉన్నారు. ఏ ఏడాది?

గోగుపూలు:
ముందు ఆ జనపనార అనడం మానండి. మన వైపు పండేది గోగు. జనపనార మొక్క వేరు, అది బెంగాల్ సరుకు, జనుము ఇంకా వేరు. గోగు అంటే మన గోంగూర చుట్టం, కాడ నిలువెత్తు దాటి పెరుగుతుంది, కోసి కట్టలు కట్టి చెరువులో ఊరేస్తే పీచు వదులుతుంది. ఆ వాసన పక్క ఊరి దాకా కొడుతుంది, మా చిన్నప్పుడు ముక్కు మూసుకుని ఆ గట్టు దాటేవాళ్ళం. భీమిలి రేవు నుంచి ఓడలెక్కింది కాబట్టి దొరలు దానికి బిమ్లీ జూట్ అని పేరెట్టేశారు. జూట్ కాని దానికి జూట్ అని పేరు! ఇప్పటికీ చదువుకున్నవాళ్ళు కూడా అలాగే రాస్తుంటే ఒళ్ళు మండుతుంది.

రిటైర్డ్ మాస్టారు:
గోగు సంగతి తర్వాత చూద్దాంలెండి. బావూ, నీకు దొరకనిది ఎందుకంటే విజయనగరం జిల్లా పుట్టిందే 1979 జూన్ 1న. శ్రీకాకుళం జిల్లా 1950లో. అంతకు ముందు మీ ఊరు విశాఖ జిల్లా. మా శ్రీకాకుళం పట్నమైతే 1936లో ఒరిస్సా వేరుపడే దాకా గంజాం జిల్లాలో ఉండేది, నేను చెప్తే మా మనవలే నమ్మరు. పైగా అప్పటి స్పెల్లింగులు. విశాఖకి వైజాగపటం, శ్రీకాకుళానికి చికాకోల్, భీమిలికి బిమ్లిపటం అని వెతుకు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్యాక్టరీల చట్టం అమలు గురించి ఏటా ఒక రిపోర్టు వేసేవారు, నీకు కావలసింది అదే. పాత కాగితాలు చాలావరకు చెన్నై ఎగ్మూరులో ఉన్న ఆర్కైవ్స్‌లో ఉంటాయి, సోమవారం లోపు అయ్యే పని కాదు గానీ.

గంటస్తంభం కుర్రాడు:
అయ్యో, ఇది ఎవరూ చెప్పలేదండి! ముత్తాత పనిచేసింది భీమిలిలోనే. చెప్పాననుకున్నాను. 1905 నుంచి 1915 లోపు అని మా పెద్దనాన్న అంటాడు. తెల్లారకముందు వెళ్ళి దీపాలు పెట్టాక వచ్చేవాడట. తనిఖీకి దొర వస్తున్నాడంటే పిల్ల గుంటలందరినీ నార కట్టల వెనక కూర్చోబెట్టేవారట, తుమ్మితే దెబ్బలే. ఆ దొర ఎవరో మాత్రం తెలీదు.

మసూలాపడవ:
భీమిలి అంటే ఫ్యాక్టరీలొక్కటేనా? అక్కడైనా మా కళింగపట్నంలోనైనా ఓడ ఒడ్డుకి రాదు, దూరంగా లంగరేసుకునేది. నార బేళ్ళు మసూలా పడవల మీద, అంటే తాళ్ళతో కుట్టిన పడవల మీద, అలలు దాటించి మోసినవాళ్ళు ఏ చట్టంలోనూ లేరు. రేవు కూలీల భద్రతకని చట్టం తెచ్చింది 1934లో, అప్పటికి విశాఖ హార్బరు తెరిచేశారు, 1933లో జలదుర్గ అనే ఓడ వచ్చింది. వాళ్ళ గురించి ఎవరూ ప్రాజెక్టు రాయరు.

గోగుపూలు:
మీరు రాయండి మరి.

పాతకాగితం:
మిల్లా, ప్రెస్సా?

గంటస్తంభం కుర్రాడు:
రెండూ ఒకటే కదండీ?

పాతకాగితం:
కాదు. మిల్లులో నూలు తీసి గోనె నేస్తారు, ఏడాదంతా నడుస్తుంది. ప్రెస్‌లో నార నొక్కి బేళ్ళు కడతారు, పంట వచ్చినప్పుడే పని. 1881 ఫ్యాక్టరీల చట్టం 100 మంది పైన ఉన్న చోటికే, అదీ ఏడాదిలో 4 నెలలకి తక్కువ నడిస్తే ఫ్యాక్టరీయే కాదు. 1891లో 100ని 50 చేశారు. సీజన్ ఫ్యాక్టరీలు లోపలికొచ్చింది 1911 చట్టంతో. మీది సీజన్ ప్రెస్ అయితే అంతకు ముందు రిపోర్టు ఉండదు.

రిటైర్డ్ మాస్టారు:
ఇదీ అసలు మాట. అయితే దొర తనిఖీకి వచ్చేవాడంటే ఆ ప్రెస్ చట్టంలో ఉన్నట్టే కదా! 4 నెలలకి పైగా నడిచి ఉండాలి, లేదా మీ ముత్తాత వెళ్ళింది 1911 తర్వాతైనా అయి ఉండాలి. ఆ దొర ఇన్‌స్పెక్టరే అని కూడా అనుకోకు, 1881 చట్టం జిల్లా మేజిస్ట్రేటుకి కూడా ఆ అధికారం ఇచ్చింది, అంటే కలెక్టరే. 1891 చట్టం ప్రకారం 9 ఏళ్ళ లోపు పిల్లల్ని పెట్టుకోకూడదు, 9 నుంచి 14 దాకా రోజుకి 7 గంటలే, ఆడవాళ్ళకి 11. మగవాళ్ళకి గంటల లెక్కే లేదు. 1908 నాటి ఫ్యాక్టరీ లేబర్ కమిషన్‌లో మన మద్రాసు డాక్టరు టి.ఎం. నాయర్ ఒక్కడే మగవాళ్ళకీ హద్దు పెట్టాలని విడిగా రాశాడు. తర్వాత బ్రాహ్మణేతరుల కోసం జస్టిస్ పార్టీ పెట్టినవాళ్ళలో ఒకడైన నాయర్ ఆయనే. అది తప్పకుండా చదువు. నీ ముత్తాత తెల్లారకముందు నుంచి దీపాల దాకా అంటే 7 గంటలు ఎప్పుడో దాటిపోయాయి, అందుకే దాచారు.

మసూలాపడవ:
అవును గానీ పిల్లల వయసెలా తేల్చేవారు, అప్పుడు పుట్టిన తేదీ ఎవడు రాసుకున్నాడు?

పాతకాగితం:
డాక్టరు సర్టిఫికెట్. పళ్ళు చూసి.

గోగుపూలు:
ఎడ్లని కొన్నట్టు.

గంటస్తంభం కుర్రాడు:
వైజాగపటం అని కొడితే ఏవో వస్తున్నాయండి. మిల్లా ప్రెస్సా పెద్దనాన్నని అడగాలి, ఇప్పుడు లేపితే తిడతాడు. థాంక్స్ అందరికీ.

గోగుపూలు:
ప్రాజెక్టులో గోగు అని రాయండి. జూట్ అని కాదు.

మసూలాపడవ:
ప్రెస్ అని తేలితే ఏ వీధిలోనో కూడా అడుగు బావూ, మా వాళ్ళూ భీమిలిలో మోశారు.