అప్‌డేట్: ఇంట్లో చేసిన బీరులో పురుగుమందుల అవశేషాల పరీక్ష

మ్యూనిక్‌లో ఉంటూ ఇంట్లోనే బీరు తయారుచేసుకునే నేను, అవశేషాల పరీక్షకు బీరును పంపాలా, మాల్టును (బీరుకు వాడే, మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యాన్ని) పంపాలా అని గత నెలలో అడిగాను. మీ సలహా ప్రకారం రెండూ పంపాను. అయితే వందల మందులను ఒకేసారి వెతికే సాధారణ పరీక్షలో, మన పల్లెల్లో గడ్డిమందుగా వాడే గ్లైఫోసేట్ బయటపడదని, దానికి వేరే పద్ధతి కావాలని ప్రయోగశాల వారు ముందుగా చెప్పలేదు, నేనూ అడగలేదు. నా అనుమానమంతా దాని మీదే, ఎందుకంటే 2016లో ఇక్కడి ఒక పర్యావరణ సంస్థ పరీక్షించిన 14 జర్మన్ బీర్లన్నిటిలోనూ అది కనిపించింది, గరిష్ఠంగా లీటరుకు 29.74 మైక్రోగ్రాములు. (హాని కలగాలంటే రోజుకు సుమారు 1,000 లీటర్లు తాగాలని ప్రభుత్వ సంస్థ లెక్కగట్టింది, అంత దాహం నాకు లేదు.)

ఆ వేరే పరీక్ష కోసం మళ్లీ డబ్బు కట్టాను. సీసాను కుదిపి, నురగ అణిగి గ్యాసంతా పోయాకే కొలిచారు. మాల్టులో ఒక శిలీంధ్రనాశిని జాడ ఉంది కానీ బీరులో లేదు. నీటిలో సరిగా కరగని మందులు ఎక్కువగా వడకట్టాక మిగిలే మాల్టు పిప్పికే అంటుకుపోతాయట. నీటిలో ఇట్టే కరిగే గ్లైఫోసేట్ మాత్రం రెండింటిలోనూ కొలవగలిగినంత లేదు. హాప్స్ (బీరుకు చేదునిచ్చే పువ్వులు) పరీక్ష ఇంకా మిగిలింది.